పని బల్లకు సొంతంగా వైస్ చేసుకోవాలంటే: ఏ రకం, ఏ మర, ఏ కలప

చెక్క కదలకుండా నిలిస్తేనే రంపం గీత మీద నడుస్తుంది, చిత్రిక కింద పొర సాఫీగా లేస్తుంది. మన ప్రాంతపు వడ్రంగుల్లో చాలామంది నేల మీద కూర్చుని, కాలి మడమతోనూ వేళ్లతోనూ చెక్కను అదిమిపట్టి పని చేయడంలో ఆరితేరినవారు. ఇళ్ల కట్టుబడి దగ్గరైతే నాలుగు పలకలు కలిపి మేకులు కొట్టి, ద్వారబంధాల పనికి సరిపడే బల్లను చూస్తుండగానే తయారుచేసుకుంటారు. ఆ నేర్పు లేకుండా, సెలవు రోజుల్లో ఇంట్లో నిలబడి పని చేసుకునేవారికి మాత్రం బల్లకు వైస్ ఒకటి, అంటే చెక్కను రెండు దవడల మధ్య బిగించి పట్టే సాధనం, తప్పదు. కొనడం కంటే చేసుకోవడమే మేలని నిశ్చయించుకున్నవారు విజయవాడలోనైనా గుంటూరులోనైనా ఎదుర్కొనే చిక్కు సామాను దొరకకపోవడం కాదు, ఏ రకాన్ని ఎంచుకోవాలో తేలకపోవడం.

సాధారణంగా అందరూ దవడలను బిగించే మర (స్క్రూ) దగ్గర మొదలుపెడతారు: ఎంత లావు కడ్డీ కావాలి, ఎక్కడ దొరుకుతుంది అని. అసలు ముందుగా తేల్చుకోవలసింది చెక్కను ఏ భంగిమలో పట్టుకోవలసి వస్తుందన్నది. పలకను అంచు మీద నిలబెట్టి ఆ అంచును చిత్రిక పట్టడం ఒక పని. పలకను నిలువుగా నిలిపి దాని చివర డవ్‌టెయిల్ (పావురం తోక ఆకారపు అతుకు) వంటి జాయింట్లు కోయడం ఇంకో పని. పలకను బల్ల మీద పరిచి ముఖాన్ని చదును చేయడం మూడోది. ఏ వైస్ అయినా వీటిలో ఒకటి రెండింటినే బాగా చేస్తుంది. మూడూ చేస్తానని చెప్పే నమూనాలు ఉన్నాయి గానీ వాటిని ఇంట్లో తయారుచేయడం మొదటిసారి చేసేవారికి తలకు మించిన పని.

ఇనుప సామాను దుకాణంలో దొరికే ఫిట్టర్ల బెంచ్ వైస్‌ను తెచ్చి బల్లకు బోల్టులతో బిగించుకుంటే సరిపోదా అని అడిగేవారున్నారు. ఇనుము పట్టుకోవడానికి అది తిరుగులేనిదే గానీ చెక్కపనికి కాదు. దాని దవడల మీద ఉండే గళ్ల నొక్కులు మెత్తటి చెక్కలో దిగబడి మచ్చలు చేస్తాయి, దవడల వెడల్పు చాలదు, పైగా అది బల్ల మీద ఎత్తుగా కూర్చోవడం వల్ల పొడవాటి పలకకు బల్ల ఆసరా దక్కదు. చెక్కపని వైస్‌కు మౌలిక లక్షణం ఒకటుంది: దాని వెనుక దవడ బల్ల ముందు అంచుతో ఒకే వరుసలో ఉండాలి. అప్పుడే ఆరడుగుల పలక అయినా బల్ల అంచు పొడవునా ఆనుకుని నిలుస్తుంది. కింద చెప్పబోయే రకాలన్నింటినీ ముందుగా ఈ లక్షణంతో సరిచూడవచ్చు.

బల్ల కాలికి అమర్చే వైస్

లెగ్ వైస్ అని పిలిచే ఈ రకంలో ముందు దవడ బల్ల ఎత్తుకు దాదాపు సమానమైన నిలువు దూలం. అది బల్ల ముందు కాలికి ఎదురుగా నిలబడుతుంది. బల్ల పైభాగం నుంచి ఇరవై, ఇరవై రెండు సెంటీమీటర్ల కింద ఒకే ఒక్క మర దూలంలోంచీ కాలిలోంచీ వెళుతుంది. నేలకు దగ్గరగా, దూలానికి బిగించిన అడ్డబద్ద ఒకటి కాలిలో చేసిన గాడిలోకి జారుతూ ఉంటుంది. ఆ బద్దకు వరుసగా వేసిన బెజ్జాల్లో ఒకదానిలో ఇనుప సీల దూర్చితే, కింది భాగం అంతకు మించి లోపలికి పోకుండా ఆగి, బిగింపు అంతా పైనున్న దవడ అంచు మీద పడుతుంది.

ఇందులో దాగిన లెక్క తెలుసుకుంటే కొలతలు ఎవరికి వారే నిర్ణయించుకోవచ్చు. సీల దగ్గర దూలం ఆనుకుని తిరుగుతుంది కాబట్టి, పైన చెక్క మీద పడే బలం సీల నుంచి మర వరకు ఉన్న దూరానికీ, సీల నుంచి దవడ పై అంచు వరకు ఉన్న దూరానికీ మధ్య నిష్పత్తిని బట్టి ఉంటుంది. మర పైనుంచి 20 సెం.మీ. కింద, సీల మరకు 50 సెం.మీ. కింద ఉంటే మర ఇచ్చే బలంలో 70కి 50 వంతులు, అంటే 71 శాతం చెక్కను చేరుతుంది. అదే సీలను మరకు 30 సెం.మీ. కిందనే పెడితే 60 శాతమే మిగులుతుంది. అందువల్ల అడ్డబద్ద ఎంత కిందికి ఉంటే అంత మంచిది. నేలకు నాలుగైదు వేళ్ల ఎత్తు వదిలితే చాలు, చిత్రిక పొట్టు పేరుకోకుండా ఊడ్చుకోవడానికి వీలుంటుంది.

సీల పెట్టే బెజ్జాన్ని ఎంచుకోవడంలోనూ ఒక కిటుకు ఉంది. కింద కాలికీ దూలానికీ మధ్య సందు, పట్టుకోబోయే చెక్క మందం కంటే రవ్వంత ఎక్కువ ఉండాలి. అప్పుడు దూలం పైకొన లోపలికి వాలి, దవడ పై అంచు ముందుగా చెక్కను తాకుతుంది. సందు తక్కువైతే దూలం బయటికి వాలి, చెక్క పట్టు తప్పి పైకి ఎగుస్తుంది. బెజ్జాలను ఒకే వరుసలో కాకుండా రెండు వరుసల్లో ఎడంగా, ఒక వరుస రెండోదానికి సగం దూరం జరిగేటట్టు వేస్తే సర్దుబాటు సులువవుతుంది, బద్ద కూడా బలహీనపడదు. చెక్క మందం మారినప్పుడల్లా వంగి సీల మార్చవలసి రావడం ఈ వైస్‌తో ఉన్న ఏకైక విసుగు. నడుం నొప్పి ఉన్నవారు దీన్ని తక్కువగా అంచనా వేయకూడదు.

ఒక్క మరతో ఇంత పట్టు ఇచ్చే రకం ఇంకొకటి లేదు. మర బాగా కిందికి ఉండటం వల్ల పలక అంచును చిత్రిక పట్టేటప్పుడు ఇరవై సెంటీమీటర్ల వెడల్పు పలక కూడా మరకు తగలకుండా దవడల మధ్య దిగుతుంది. అయితే దీనికి తగిన బల్ల కావాలి. ముందు కాలు బల్ల ముందు అంచుతో సమంగా, కనీసం 8 లేదా 9 సెం.మీ. మందంతో ఉండాలి. మన ఊళ్లలో చాలా ఇళ్లలో కనిపించేది ఇనుప యాంగిలర్ ఫ్రేము వెల్డింగు చేయించి పైన ప్లైవుడ్ పరిచిన బల్ల. దానికి ఈ వైస్ పెట్టాలంటే ముందు కాలి వెంట ఒక చెక్క స్తంభాన్ని మూడు చోట్ల బోల్టులతో బిగించి, బల్ల అంచు వరకు తీసుకురావాలి. అది పెద్ద పనేమీ కాదు.

రెండు మరల వైస్

17వ శతాబ్దంలో ఇంగ్లండులో చేతిపనుల గురించి గ్రంథం వెలువరించిన జోసెఫ్ మాక్సన్ పేరుతో ఈ రకాన్ని మాక్సన్ వైస్ అని పిలుస్తున్నారు. రెండు పొడవాటి చెక్క దవడలు, రెండు కొసల దగ్గర రెండు మర కడ్డీలు, అంతే దీని స్వరూపం. బల్లకు శాశ్వతంగా బిగించనక్కరలేదు. పని ఉన్నప్పుడు బల్ల మీద పెట్టి రెండు సీ క్లాంపులతో పట్టించి, పని అయ్యాక మంచం కిందికి తోసేయవచ్చు. అద్దె అపార్టుమెంటులో ఉండేవారికి ఇంతకంటే అనువైనది కనబడదు.

దవడలు 70 సెం.మీ. పొడవు, 4 సెం.మీ. మందం ఉండి, కడ్డీల మధ్య 45 సెం.మీ. ఎడం ఉంటే, పెట్టెల పక్కలకు, సొరుగులకు కావలసిన పలకలన్నీ మధ్యలో నిలువుగా నిలుస్తాయి. బల్ల కంటే పది పన్నెండు సెంటీమీటర్ల ఎత్తున చెక్క ఉంటుంది కాబట్టి జాయింట్ల గీతలు చూడటానికి వంగనక్కరలేదు. రెండు వైపులా విడివిడిగా బిగించుకోవచ్చు గనుక ఒక వైపు సన్నగిల్లిన పలకను కూడా ఇది పట్టుకుంటుంది. ఇందుకోసం ముందు దవడ బెజ్జాలను గుండ్రంగా కాక అడ్డంగా కాస్త సాగదీసి కోయాలి. ఎం16 థ్రెడ్ రాడ్, అంటే పొడవునా మర ఉన్న 16 మి.మీ. లావు ఇనుప కడ్డీ, దీనికి పూర్తిగా సరిపోతుంది. నట్టును వెనుక దవడలో పాతేటప్పుడు, దాని ఎదురెదురు ముఖాల మధ్య దూరం 24 మి.మీ. ఉంటుందని గుర్తుంచుకుని, ఆరు మూలల గుంతను ఉలితో బిగువుగా తీసి, ఎపాక్సీతో అతికించి, వెనుక ఇంకో నట్టు వేసి కడ్డీ తిరగకుండా బంధించాలి. అప్పుడు కడ్డీ కదలదు, ముందు వైపు పిడి ఉన్న నట్టు మాత్రమే తిరుగుతుంది.

దీని బలహీనత పొడవాటి పలక అంచును చిత్రిక పట్టేటప్పుడు బయటపడుతుంది. క్లాంపులతో పట్టించిన వైస్ చిత్రిక తోపుకు కొద్దికొద్దిగా జారుతుంది, వెనుక దవడ బల్ల అంచుతో కలిసి ఉండదు. అందుచేత పెట్టెలు, ఫొటో ఫ్రేములు, చిన్న సొరుగులు చేసేవారు దీన్ని, తలుపులు, మంచాలు, పుస్తకాల అల్మరాలు చేసేవారు కాలి వైస్‌ను ఎంచుకోవడం సబబు. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి వంటి మెత్తటి, తేలికైన చెక్కతో పని చేసేవారికి కూడా రెండు మరలదే మంచిది, ఎందుకంటే వెడల్పాటి దవడ మీద బిగింపు పరుచుకుని చెక్క నొక్కుకుపోదు.

మిగిలిన రకాలు

ముందు అంచుకు బిగించే మామూలు వైస్‌లో మధ్యన ఒక మర, దానికి అటూ ఇటూ రెండు నున్నటి ఇనుప కడ్డీలు ఉంటాయి. చూడటానికి ఇదే సులువుగా అనిపిస్తుంది. చేసేటప్పుడు మాత్రం మూడు బెజ్జాలూ దవడలో, బల్ల చట్రంలో, వెనుక పట్టీలో అచ్చంగా ఒకే సమాంతరంలో రావాలి. చేతి డ్రిల్లింగ్ మిషన్‌తో అది సాధించడం కష్టం, అర మిల్లీమీటరు తేడా వచ్చినా కడ్డీలు బిర్రబిగుసుకుంటాయి. పైగా చెక్కను దవడ ఒక కొసన పట్టినప్పుడు రెండో కొస లోపలికి వంకరపోతుంది. అంతే మందం ఉన్న చిన్న ముక్కను రెండో కొసన అడ్డుపెడితే ఆ లోపం సరిపడుతుంది గానీ, ప్రతిసారీ ముక్కలు వెతుక్కోవాలి. ఈ రకమే కావాలనుకునేవారు దవడలు, కడ్డీలు, మర కలిసి పోతపోసి వచ్చే కార్పెంటర్ వైస్ కొని, దానికి చెక్క దవడలు తగిలించుకోవడం నయమని నా అభిప్రాయం.

పైపు క్లాంపుతో చేసే వైస్ మధ్యేమార్గం. ముప్పావు అంగుళం జి.ఐ. పైపు ఏ ప్లంబింగ్ దుకాణంలోనైనా దొరుకుతుంది, చివర మర కూడా అక్కడే కోసిపెడతారు. పైపు బయటి వ్యాసం దాదాపు 27 మి.మీ. కాబట్టి చెక్కలో 28 మి.మీ. బెజ్జం వేయాలి. క్లాంపు తల, జారే తోక మాత్రం ఊళ్లో వెంటనే దొరక్కపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. తోకను నొక్కి జరపగలగడం వల్ల ఎంత మందమైనా క్షణంలో సర్దుకోవచ్చు. పట్టు మాత్రం ఓ మాదిరి.

మర అసలే లేని పద్ధతి కూడా ఉంది. బల్ల ముందు అంచుకు ఏటవాలు లోపలి అంచు ఉన్న చెక్కను స్క్రూలతో బిగించి, పలకకూ దానికీ మధ్య అదే వాలులో కోసిన చీలికను సుత్తితో తడితే పలక బిగిసిపోతుంది, వెనుకనుంచి కొడితే వదులవుతుంది. ఖర్చంటూ లేదు. పై వైస్‌లలో ఏది చేసుకోవడానికైనా మొదట ఒక పట్టు కావాలి గనుక, ఆ పనికి ఇది చాలు.

పలకను పరిచి ముఖం చదును చేయడానికి బల్ల చివర అమర్చే టెయిల్ వైస్ గురించి తరచుగా వింటుంటాం. మొదటి వైస్‌గా దాన్ని చేయవద్దు. బల్ల మీద ఒక సన్నటి ఆపు బద్ద, వెనుక మూలన వి ఆకారంలో గంటు కోసి క్లాంపుతో పట్టించిన ఇంకో పలక, ఈ రెండూ ఉంటే ఆ పని జరిగిపోతుంది.

మర ఎక్కడ, ఎలాంటిది

డబ్బు పెట్టవలసిన చోటు ఏదైనా ఉంటే ఇదే. మిగతాదంతా చెక్కే.

దుకాణాల్లో సులువుగా దొరికే థ్రెడ్ రాడ్‌కు మర వి ఆకారంలో ఉంటుంది, పిచ్ (ఒక చుట్టుకు జరిగే దూరం) తక్కువ. ఎం20 కడ్డీ ఒక చుట్టుకు 2.5 మి.మీ. మాత్రమే జరుగుతుంది, అంటే దవడను పది సెంటీమీటర్లు తెరవడానికి నలభై చుట్లు తిప్పాలి. రెండు మరల వైస్‌లో ఒకే మందం చెక్కలతో వరుసగా పని చేస్తాం కాబట్టి అది ఇబ్బంది కాదు. కాలి వైస్‌లో మాత్రం చేతులు పీకుతాయి. కొనేటప్పుడు నట్టును కడ్డీ మొత్తం పొడవునా వేలితో తిప్పి చూడండి, ఎక్కడైనా పట్టేస్తే ఇంకోటి అడగండి. నేల పలకల మీద దొర్లిస్తే వంకర ఉన్న కడ్డీ ఎగిరెగిరి పడి తనంతట తానే చెప్పేస్తుంది. మామూలు నట్టు కంటే పొడవాటి కప్లింగ్ నట్టు వాడితే మర అరుగుదల తగ్గుతుంది. జింకు పూత ఉన్న కడ్డీకి వెల్డింగు చేయించాలంటే ఆ చోట పూతను గ్రైండర్‌తో తీసేయమని చెప్పాలి, ఆ పొగ ఒంటికి మంచిది కాదు.

స్లాబు పనికి వాడే సెంట్రింగ్ జాకీ కాలి వైస్‌కు నాకు నచ్చిన మర. దాని లావు ఎక్కువ, మర ముతక, ఒక చుట్టుకు సుమారు 8 మి.మీ. జరిగేవి సాధారణం. పది సెంటీమీటర్లు తెరవడానికి పన్నెండు, పదమూడు చుట్లు చాలు. దాని నట్టు వదులుగా ఊగుతుంది, కానీ కాలి వైస్‌లో దూలాన్ని వరుసలో నిలిపేది అడ్డబద్ద కాబట్టి ఆ ఊపు లెక్కలోకి రాదు. చెవులున్న ఆ నట్టు తరచుగా పోత ఇనుపది. దాన్ని మామూలు వెల్డింగు రాడ్డుతో అతికిస్తే అతుకు పక్కనే పగులుతుంది. బల్ల కాలి వెనుక గుంత తీసి నట్టును అందులో కూర్చోబెట్టి, చెవులు తిరగకుండా రెండు చెక్క ముక్కలను అటూ ఇటూ స్క్రూలతో బిగించడమే సరైన దారి. పాత జాకీ అయితే మరలో గట్టిపడిన సిమెంటును తీగ బ్రష్షుతో తోమి, కిరోసిన్ రాసి ఒక రాత్రి వదిలేయాలి. బోలుగా ఉండే రకం, గట్టి కడ్డీ రకం రెండూ ఉంటాయి, వైస్‌కు రెండూ పనికొస్తాయి.

సొంత కొలతల్లో కావాలనుకునేవారికి విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోనూ, గుంటూరు ఆటోనగర్‌లోనూ లేతు పనివారు ఉన్నారు. లారీల, ట్రాక్టర్ల విడిభాగాలు చేసే ఆ చేతులకు వైస్ మర పెద్ద లెక్క కాదు. అడగవలసింది 24 మి.మీ. కడ్డీ మీద 5 మి.మీ. పిచ్‌తో చదరపు మర లేదా ట్రెపిజాయిడల్ (పళ్ల పక్కలు కాస్త ఏటవాలుగా ఉండే) మర, దానికి జోడుగా గన్‌మెటల్ (ఒక రకం కంచు) నట్టు. తల వైపు ఒక పట్టీ గాడి కూడా తీయించాలి. ఆ గాడిలో రెండు అర్ధచంద్రాకారపు ఇనుప పట్టీలను కూర్చి దవడకు స్క్రూలు వేస్తే, మర విప్పినప్పుడు దవడ కూడా దానితోపాటు బయటికి వస్తుంది. ఇది లేని వైస్‌లో ప్రతిసారీ దవడను చేత్తో లాగాలి. ఇనుప కడ్డీ ఒక దుకాణంలో కొని, మర ఇంకొకచోట కోయించి, పట్టీ మరొకచోట చేయిస్తే కొలతలు కలవవు, మూడూ ఒకే లేతు దగ్గర చేయించడం మంచిది.

కారు జాకీ మర గట్టిదే గానీ పొట్టిది, పిచ్ కూడా సన్నం. తెలుగు ప్రచురణకు పేరుపడిన బెజవాడలో పాత బైండింగ్ ప్రెస్సు ఏదైనా తుక్కు కింద అమ్ముతుంటే మాత్రం వదలకండి, వాటి ముతక చదరపు మరలు వైస్ కోసమే పుట్టినట్టు ఉంటాయి. చెక్క మరలు చూడముచ్చటగా ఉంటాయి కానీ వాటిని కోసే పనిముట్లు దొరకబుచ్చుకోవడం కష్టం, పైగా కృష్ణా తీరపు వానాకాలంలో చెక్క ఉబ్బి మర పట్టేసే ప్రమాదం ఉంటుంది.

దవడకు కలప

పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే టేకు ద్వారబంధాల కంటే మంచి కలప వైస్ దవడకు దొరకదు. దశాబ్దాలుగా ఆరి ఉంటుంది కాబట్టి వంకరపోదు. రంపం పెట్టేముందు దాగిన మేకుల కోసం అయస్కాంతంతో అంగుళం అంగుళం వెతకాలి. నల్లమద్ది, నల్లతుమ్మ బలంలో టేకును మించినవే అయినా పచ్చిగా ఉన్నప్పుడు కొని దవడ చేస్తే ఎండలకు బీటలు వారుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, తడి ఆరని తుమ్మ పగలడంలో వింతేముంది. కలప దొరకనప్పుడు 18 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు మూడు జిగురుతో అతికించినా కాలి వైస్ దూలానికి చాలినంత బిగువు వస్తుంది.

కాలి వైస్ దూలం 18 నుంచి 20 సెం.మీ. వెడల్పు, 5 సెం.మీ. మందం ఉంటే మంచిది. దవడల లోపలి ముఖాలకు చెప్పులు కుట్టేవారి దగ్గర దొరికే తోలు ముక్క అతికిస్తే తక్కువ బిగింపుతోనే చెక్క జారకుండా నిలుస్తుంది. సైకిల్ ట్యూబు రబ్బరు కూడా పనిచేస్తుంది గానీ లేతరంగు చెక్క మీద నల్లటి మరక వదలవచ్చు.

ఏ వైస్ అయినా బల్ల గట్టిగా లేకపోతే వృథా. విట్రిఫైడ్ టైల్స్ మీద తేలికపాటి బల్ల చిత్రిక తోపుకు గది చివర వరకు నడుచుకుంటూ పోతుంది. కాళ్ల కింద రబ్బరు ముక్కలు వేయడం, కింది చట్రంలో ఇటుకలనో ఇసుక బస్తానో పెట్టడం, వీలైతే వెనుక అంచును గోడకు బిగించడం వైస్ కంటే ముందు చేయవలసిన పనులు. రెండు మరల వైస్ అయినా తప్పించుకోలేని షరతు ఇది.

పని మొదలుపెట్టేముందు మర, నట్టు చేతికి రావాలి. బెజ్జం వ్యాసం, గుంత లోతు, దూలం మందం అన్నీ వాటిని బట్టే మారతాయి, దుకాణంవాడు ఫోనులో చెప్పిన కొలతను నమ్మి ముందుగా బెజ్జం వేయకండి. దూలాన్నీ కాలినీ క్లాంపులతో కలిపి పట్టించి, రెండింటికీ ఒకేసారి బెజ్జం వేస్తే వరుస తప్పదు. దూలంలోని బెజ్జాన్ని తర్వాత మర కంటే మూడు నాలుగు మిల్లీమీటర్లు పెద్దది చేసుకోవాలి, దూలం వాలడానికి ఆ చోటు కావాలి. మరకు గ్రీజు పెట్టవద్దు, చెక్క పొడి దానిలో కలిసి ముద్దగా గట్టిపడుతుంది. కుట్టుమిషను నూనె రెండు చుక్కలు చాలు. అడ్డబద్దకు కొవ్వొత్తి రుద్దితే వానల్లో కూడా జారుతుంది. జూన్ నుంచి తుపాన్ల కాలం అయ్యేదాకా, వైస్ వాడని రోజుల్లో దవడలను వేలెడు సందు విడిచి ఉంచండి, లేదంటే బిగిసిన తోలు తేమ పీల్చి రెండు ముఖాలకూ అతుక్కుపోతుంది.